బాడీ లేస్తుంది, ఇరుసు లేవదు

సంపాదకులు గారికి నమస్కారం.

వానలకు ముందు ఒడిశాలోని జయపురం, సిమిలిగుడ, రాయగడ షెడ్లలో ఒకే కోరిక పదే పదే వినిపిస్తోంది. బండికి రెండంగుళాల బాడీ లిఫ్ట్ వేయాలట. సరదాకు థార్, గూర్ఖా, పాత జిప్సీ కొనుక్కున్న కుర్రాళ్లు అడిగితే అర్థముంది. ఇప్పుడు కుందులి సంతకు అల్లం, క్యాబేజీ తోలే పికప్ యజమానులూ, నందపూర్, లమ్తాపుట్ వైపు మనుషుల్ని ఎక్కించుకు తిరిగే ట్రెక్కర్ల వాళ్లూ అదే అడుగుతున్నారు. వాళ్లు కోరుకుంటున్నది దారిలో రాళ్లు కిందికి తగలని ఎత్తు, ఆ పని ఇచ్చేది మరొకటి. ఈ తేడా తెలియక వేలు ఖర్చుపెట్టి, ఘాటీ మలుపుల్లో ప్రాణం మీదికి తెచ్చుకోకూడదని, జీపులూ పికప్‌లూ బాగుచేసే వృత్తిలో ఉన్నవాళ్లుగా మాకు తెలిసింది మీ పాఠకుల ముందు పెడుతున్నాం.

థార్, బొలెరో, స్కార్పియో, గూర్ఖా, జిమ్నీ, హైలక్స్, వీ-క్రాస్ లాంటి బళ్లకు కింద నిచ్చెన ఆకారంలో ఇనుప ఛాసిస్ ఉంటుంది. ఇంజిను, గేర్‌బాక్స్, ఇరుసులు, స్ప్రింగులు అన్నీ దానికే బిగించి ఉంటాయి. మనం కూర్చునే బాడీ వేరు. దాన్ని సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు చోట్ల రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టి బోల్టులతో ఛాసిస్‌కు పట్టిస్తారు. ఆ బుష్ దగ్గర ఒక దిమ్మ చొప్పించి, దిమ్మ ఎత్తుకు తగినంత పొడవు పెరిగిన బోల్టు వేయడమే బాడీ లిఫ్ట్. ఎక్స్‌యూవీ 700, హారియర్, క్రెటా లాంటి బళ్లకు ఛాసిస్ విడిగా ఉండదు. వాటికి బాడీ లిఫ్ట్ వేస్తామని ఎవరైనా అంటే, ఆ మనిషికి పని తెలియదని అర్థం.

ఎడ్లబండి తొట్టి కింద నాలుగు దిమ్మలు పెడితే తొట్టి ఎత్తవుతుంది. దారిలో రాయి ఇరుసుకు తగలడం మాత్రం మానదు. ఇక్కడా అంతే. థార్‌కు కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి కింది భాగానికీ మధ్య ఎత్తు) 226 మి.మీ. రెండంగుళాల బాడీ లిఫ్ట్ వేసిన తర్వాత కూడా అది 226 మి.మీ.యే. నీళ్లలో దిగే లోతు థార్‌కు 650 మి.మీ., గూర్ఖాకు 700 మి.మీ. అని కంపెనీలు చెబుతాయి. బాడీ లిఫ్ట్ ఆ అంకెలను కూడా మార్చదు. గాలి లోపలికి పీల్చే మూతి బాడీతో పాటు రెండంగుళాలు పైకి పోవచ్చు. స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్, గేర్‌బాక్స్, ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ మాత్రం పాత చోటే ఉంటాయి. గెడ్డ (వాగు) దాటేటప్పుడు ముందు మునిగేవి అవే.

అందుకే లిఫ్ట్ అడిగే ముందు ఒక పని చేయండి. బండిని ఎత్తు మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, టార్చి పట్టుకుని కింద దూరి చూడండి. తాజా గీతలు, సొట్టలు ఎక్కడున్నాయి? ట్రాక్టర్లు తిరిగి లోతుగా గాడులు పడిన దారుల్లో మధ్య దిబ్బ రాసుకునేది వెనక ఇరుసు మధ్యలో ఉన్న గుండ్రటి హౌసింగ్‌కు, గేర్‌బాక్స్ కింది అడ్డపట్టీకి, ముందు క్రాస్ మెంబర్‌కు. దెబ్బలు అక్కడుంటే బాడీ లిఫ్ట్‌తో ఒక్క గీత కూడా తగ్గదు. తలుపుల కింది అంచు, ఫుట్‌బోర్డు, వెనక చక్రాల వెనకనున్న బాడీ మూల నలిగి ఉంటే మాత్రం పనికొస్తుంది. ఆ భాగాలు నిజంగానే పైకి పోతాయి.

బాడీ లిఫ్ట్ అసలు ఇచ్చేది చక్రం చుట్టూ జాగా. పెద్ద టైరు వేస్తే గుంటలో చక్రం పైకి లేచినప్పుడు మడ్‌గార్డును రాస్తుంది. మడ్‌గార్డు బాడీతో పాటు పైకి పోతే ఆ రాపిడి పోతుంది. ఇరుసు కింద ఎత్తు పెంచేది ఆ పెద్ద టైరే, అదీ వ్యాసంలో పెరిగినదానిలో సగం. బొలెరోకు వచ్చే 215/75 ఆర్ 15 టైరు వ్యాసం దాదాపు 703 మి.మీ. దాని బదులు 235/75 ఆర్ 15 వేస్తే 733 మి.మీ. ఇరుసు కింద దక్కేది 15 మి.మీ., అంటే చిటికెన వేలు మందం. 31 అంగుళాల టైరు వేస్తే 42 మి.మీ. దాకా వస్తుంది. దానికి మూల్యమూ ఉంది. ఆ టైరు పాతదానికంటే దాదాపు 12 శాతం పెద్దది కనుక మీటరు 60 చూపిస్తుంటే బండి 67లో పోతుంటుంది. ప్రతి గేరూ అంతే శాతం బరువెక్కుతుంది. సుంకి నుంచి పొట్టంగి వైపు ఎక్కేటప్పుడు రెండో గేరులో లాగిన బండి మొదటి గేరు అడుగుతుంది, క్లచ్ ప్లేటు కాలుతుంది. బ్రేకు డ్రమ్ములు, డిస్కులు మాత్రం పాతవే. చక్రం పెద్దదైతే అదే బ్రేకు రోడ్డు మీద చూపే పట్టు తగ్గుతుంది. ఇంకో సంగతి చాలామంది చూసుకోరు. పై జాగా పెరిగినా పక్క జాగా పెరగదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు వెడల్పు టైరు లోపలి అంచు ఛాసిస్‌నో, కంట్రోల్ ఆర్మ్‌నో రాస్తూనే ఉంటుంది. టైరు కొనేముందు స్టీరింగ్‌ను రెండు వైపులా కడదాకా తిప్పి వేలు పెట్టి కొలుచుకోవాలి.

న్యాయంగా చెప్పాల్సిన మంచీ ఉంది. స్ప్రింగులు మార్చి బండిని ఎత్తితే గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరుగుతుంది, దాని కీళ్లైన క్రాస్‌లు త్వరగా అరుగుతాయి. ముందు చక్రాలకు విడి సస్పెన్షన్ ఉన్న బళ్లలో యాక్సిల్ రబ్బరు బూట్లు చిరుగుతాయి, అలైన్‌మెంట్ పోతుంది. బాడీ లిఫ్ట్‌లో ఇవేవీ కదలవు. కూర్చున్నవాళ్లకు కుదుపు కూడా మునుపటిలాగే ఉంటుంది. బరువు లెక్క కూడా ఇక్కడే చూడాలి. 1,800 కిలోల బండిలో బాడీ 500 కిలోలు అనుకుందాం. దాన్ని 50 మి.మీ. ఎత్తితే మొత్తం బండి బరువు కేంద్రం దాదాపు 14 మి.మీ. మాత్రమే పైకి పోతుంది. స్ప్రింగులతో అదే 50 మి.మీ. ఎత్తితే ఇంజిను, ఛాసిస్ అన్నీ లేస్తాయి కాబట్టి 40 మి.మీ. దాకా పోతుంది. ఖాళీగా తిరిగే జీపుకు, చక్రాల జాగా కోసమే అయితే, అంగుళం బాడీ లిఫ్ట్ తప్పు పని కాదని మా అభిప్రాయం.

సరుకు పికప్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. క్యాబిన్, తొట్టి కలిపి 600 కిలోలు, పైన సరుకు 1,500 కిలోలు, మొత్తం బండి 3,300 కిలోలు అనుకోండి. తొట్టిని 50 మి.మీ. ఎత్తితే సరుకు కూడా దానితో పాటు లేస్తుంది. బరువు కేంద్రం పైకి పోయేది 32 మి.మీ., అంటే ఖాళీ జీపులో పెరిగినదానికి రెండింతలకు మించి. పెద్ద టైర్లు దానికి ఇంకొంత కలుపుతాయి. బస్తాలు అంచుకు మించి పేర్చి, తాళ్లు వదులైతే ఏం జరుగుతుందో ఘాటీ మలుపులు తెలిసిన డ్రైవర్లకు చెప్పనక్కర్లేదు. క్యాబిన్ ఒక్కటే ఎత్తి తొట్టిని వదిలేయడమూ చూస్తున్నాం. అప్పుడు రెండింటి మధ్య వరుస తప్పి, డీజిల్ నింపే పైపు, వెనక లైట్ల వైరింగ్ మెలితిరుగుతాయి. సరుకు బళ్లకు, మనుషుల్ని మోసే ట్రెక్కర్లకు బాడీ లిఫ్ట్ వద్దే వద్దు. ట్రెక్కరులో వెనక మెట్టు మీద నిలబడేవాళ్లు, టాపు మీద కూర్చునేవాళ్లు ఉంటారు. మెట్టు రెండంగుళాలు పైకి పోతే ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఎక్కడానికే యాతన పడతారు.

ఇక పని చేసే తీరు. ఈ పద్ధతి పేరుపొందిన అమెరికా పికప్‌లకు అమ్మే మంచి కిట్‌లో దిమ్మలు, బోల్టులతో పాటు స్టీరింగ్ షాఫ్ట్ పొడిగింపు, గేరు రాడ్డు బ్రాకెట్, బంపరు బ్రాకెట్ అన్నీ ఆ మోడల్‌కు తగినట్టు ఒకే పెట్టెలో వస్తాయి. ఇక్కడ చాలాసార్లు చేతికి వచ్చేది దిమ్మలు, బోల్టులు మాత్రమే. మిగతాది షెడ్డు నేర్పుకు వదిలేస్తున్నారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

దిమ్మ గట్టి నైలానో, పాలీయురేథేనో, అల్యూమినియమో అయి ఉండాలి. ఒకే ముక్కగా లేతు మీద తీసి ఉండాలి. దాని వ్యాసం బుష్ కూర్చునే గిన్నె వ్యాసానికి తగ్గకూడదు. పాత టైరు కోసిన రబ్బరు ముక్కలు, టేకు చెక్క, నీళ్ల పైపు ముక్కలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన వాషర్లు, ఇవి ఏ బండిలోనూ ఉండకూడదు. చెక్క తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, బోల్టు బిగువు వదిలేస్తుంది. టైరు రబ్బరు నలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎంత బిగించినా మళ్లీ వదులే. పైపు ముక్క అంచు సన్నంగా ఉండి ఛాసిస్ బ్రాకెట్‌ను కోసేస్తుంది.

ఎత్తు విషయంలో 25 మి.మీ. మేలు, 50 మి.మీ. హద్దు. అంతకు మించి వద్దు. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా బాడీ ముందుకో పక్కకో జారాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఆ కొన్ని బోల్టులే. గునపం పొడవు పెరిగే కొద్దీ రాయి సులువుగా పెకులుతుంది కదా, దిమ్మ ఎత్తు పెరిగే కొద్దీ బోల్టును వంచే బలం కూడా అలాగే పెరుగుతుంది. 25 మి.మీ. దిమ్మతో పోలిస్తే 75 మి.మీ. దిమ్మ దగ్గర ఆ వంపు మూడింతలు. మామూలు రోజుల్లో ఇది గిన్నె చుట్టూ పగులుగా బయటపడుతుంది. ఢీకొన్న రోజున బాడీ ఛాసిస్ మీద నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. బోల్టు తల మీద దాని బలం గ్రేడు తెలిపే 8.8 గానీ 10.9 గానీ అంకె ఉండాలి. అంకె లేని బోల్టు, నడుము దగ్గర వెల్డు కొట్టి పొడవు చేసిన బోల్టు రెండూ చెత్తబుట్టలోకే. మర సందు, అంటే ఒక మర చుట్టుకీ తర్వాతిదానికీ మధ్య దూరం, కూడా చూసుకోవాలి. ఎం 10 (10 మి.మీ. వ్యాసం) బోల్టుల్లో మామూలుగా దొరికేవి 1.25 మి.మీ., 1.5 మి.మీ. రకాలు. ఒకదాని నట్టులోకి ఇంకోదాన్ని బలవంతంగా తిప్పితే రెండు మూడు చుట్లు ఎక్కి మర చెడిపోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. బోల్టు తన వ్యాసమంత పొడవైనా నట్టులోకి దిగాలి.

కొరాపుట్ వానల్లో నెలల తరబడి బురద పట్టే బళ్లలో అసలు చిక్కు పాత బోల్టులు తీయడం. చాలా బళ్లలో నట్టు బాడీ నేల లోపల, మూసిన పెట్టెలో ఉంటుంది. తుప్పు పట్టిన బోల్టును ఒక్కసారిగా తిప్పితే లోపలి నట్టు కూడా తిరుగుతుంది. అప్పుడు నేల రేకు కోయక తప్పదు. ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టి 24 గంటలు నాననివ్వాలి. పావు చుట్టు వదులు, మళ్లీ పావు చుట్టు బిగింపు, ఇలా ఓపికగా చేయాలి. గిన్నె చుట్టూ రేకును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. దిగబడితే ఆ బండికి లిఫ్ట్ ఆలోచనే మానుకుని రేకు పని చేయించుకోండి.

బ్యాటరీ నెగెటివ్ వైరు ముందే తీసేయాలి. చక్రాలు సూటిగా పెట్టి స్టీరింగ్‌ను లాక్ చేయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో షాఫ్ట్ విప్పినప్పుడు స్టీరింగ్ చక్రం ఇష్టమొచ్చినట్టు తిరిగితే దాని కింద చుట్టి ఉన్న పట్టీ తీగ తెగిపోతుంది, ఎయిర్‌బ్యాగ్ పనిచేయదు. అన్ని బోల్టులూ వదులు చేసి, ఒక పక్కవే పూర్తిగా తీసి, రెండో పక్కవి మరలో ఉంచాలి. జాకీకీ బాడీకీ మధ్య రెండంగుళాల మందం, రెండడుగుల పొడవున్న చెక్క పెట్టి, తలుపు కింది గట్టి అంచు దగ్గర కొద్దికొద్దిగా ఎత్తాలి. దిమ్మ దూరేంత ఎత్తు చాలు. బాడీకీ ఛాసిస్‌కూ మధ్య వేళ్లు ఎప్పుడూ పెట్టకూడదు. దిమ్మను పుల్లతో తోయాలి. ఒకరు జాకీ తిప్పుతుంటే ఇంకొకరు బానెట్ తెరిచి ఏ పైపు, ఏ వైరు బిగుసుకుంటోందో చూస్తూ ఉండాలి. పెట్టడం అయ్యాక కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ పానాతో, మధ్య నుంచి చివరలకు, ఎడమ కుడి మార్చుకుంటూ బిగించాలి. పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లమంటే నమ్మకండి. సరిగ్గా చేస్తే రెండు రోజుల పని.

అన్నిటికంటే జాగ్రత్త స్టీరింగ్ దగ్గర కావాలి. స్టీరింగ్ చక్రం, దాని కాలమ్ బాడీకి ఉంటాయి. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కు ఉంటుంది. రెండింటినీ కలిపే షాఫ్ట్‌లో ఒకదానిలో ఒకటి జారే పళ్ల భాగం ఉంటుంది. బాడీ లేచినప్పుడు ఆ షాఫ్ట్ సాగుతుంది. అంగుళానికి చాలా బళ్లలో అది సర్దుకుంటుంది, రెండంగుళాలకు పళ్లు కొసల మీద మాత్రమే పట్టుకుని ఉండవచ్చు. ఖాళీ స్థలంలో అన్నీ బాగానే తిరుగుతాయి. గుంటలో ఛాసిస్ మెలితిరిగినప్పుడు పళ్లు జారితే చేతిలో చక్రం తిరుగుతుంది, రోడ్డు మీది చక్రాలు తిరగవు. పని మొదలుపెట్టే ముందే షాఫ్ట్ రెండు భాగాలు కలిసే చోట పెయింటుతో గీత గీయండి. ఎత్తిన తర్వాత ఆ గీత ఎన్ని మి.మీ. జరిగిందో కొలవండి. లోపల పట్టు చాలకపోతే ఆ మోడల్‌కు తయారైన పొడిగింపు ముక్కే వేయాలి. దొరకకపోతే లిఫ్ట్ ఎత్తు తగ్గించాలి, లేదా మానాలి. స్టీరింగ్ షాఫ్ట్‌ను కోసి మధ్యలో ముక్క పెట్టి వెల్డింగ్ చేయడం ఏ పరిస్థితుల్లోనూ తగదు. అలా చేస్తామనే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి.

బ్రేకు మాస్టర్ సిలిండర్ బాడీకి ఉంటుంది, చక్రాలకు పోయే పైపులు ఛాసిస్ మీద. వాటి మధ్య ఇనుప పైపు నిఠారుగా లాగబడితే కొన్ని నెలల కుదుపుకు జాయింటు దగ్గర పగులుతుంది. పైపు బిగించిన క్లిప్పులు విప్పి, వంపులో ఉన్న పొడవును జాగ్రత్తగా వాడుకోవాలి. చాలకపోతే కొత్త పైపు వేసి బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయాలి. క్లచ్ నూనె గొట్టానికీ అంతే. హ్యాండ్ బ్రేకు కేబుల్ సంగతి చాలామంది మరచిపోతారు. బాడీ లేచినకొద్దీ అది లాగబడి, లివరు కిందికి దించి ఉన్నా వెనక బ్రేకులు కొద్దిగా పట్టుకునే ఉంటాయి. పది కి.మీ. నడిపి వెనక డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే కాలుతుంది. ఘాటీ దిగేటప్పుడు అసలే వేడెక్కే బ్రేకులకు ఇది తోడైతే పెడలు తొక్కినా బండి ఆగదు.

ఫ్యాను సంగతి. ఇంజిను బెల్టుతో తిరిగే ఫ్యాను ఇంజినుకు ఉంటుంది, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు (కౌలు) రేడియేటర్‌కు. రేడియేటర్ బాడీతో పాటు లేచే బళ్లలో ఫ్యాను రెక్కలు కౌలు కింది అంచును కొడతాయి. చాలామంది అడ్డొచ్చిన అంచు కోసేసి ఊరుకుంటారు. అప్పుడు చప్పుడు పోతుంది గానీ గాలి పక్కల నుంచి పోయి, బరువుతో ఎక్కేటప్పుడు ఇంజిను వేడెక్కుతుంది. రేడియేటర్ బ్రాకెట్లను లేచినంత మేరకు కిందికి దించడమే సరైన పని. కరెంటు ఫ్యాను రేడియేటర్‌కే బిగించి ఉంటే ఈ బెడద లేదు.

మన ఎర్రమట్టి ప్రాంతంలో ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్ గొట్టం. ఫిల్టర్ పెట్టె బాడీకి, టర్బో ఇంజినుకు ఉంటాయి. మధ్య గొట్టం లాగబడి క్లిప్పు దగ్గర సన్నటి సందు ఏర్పడితే పైకి ఏమీ తెలియదు. వేసవిలో ముందు బండి లేపిన దుమ్ము ఫిల్టర్‌లో పడకుండా నేరుగా లోపలికి పోయి టర్బో రెక్కలను, పిస్టన్ రింగులను అరగదీస్తుంది. నల్లపొగ, ఇంజినాయిల్ తాగడం మొదలయ్యాక గానీ బయటపడదు. లిఫ్ట్ తర్వాత వారానికి ఆ గొట్టం విప్పి లోపల తెల్లగుడ్డతో తుడవండి. ఎరుపు అంటితే సందు ఉన్నట్టే.

గేరు రాడ్డు నేరుగా గేర్‌బాక్స్ నుంచి నేల రంధ్రంలోంచి పైకి వచ్చే బళ్లలో నేల లేస్తుంది, రాడ్డు లేవదు. రాడ్డు పొట్టిదైపోవడం ఒక్కటే కాదు, రంధ్రం అంచు రాడ్డును ఒక పక్కకు నెడుతుంది. గేరు పూర్తిగా పడదు, బరువు మీద జారి న్యూట్రల్‌కు వస్తుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందించే 4x4 లివరుకు కూడా అదే బాధ. రంధ్రం పెంచడమో, రాడ్డుకు వంపు బ్రాకెట్ పెట్టడమో చేయాలి. డీజిల్ నింపే రబ్బరు గొట్టం పొట్టిదైతే ట్యాంకు నిండా పోసినప్పుడు కారుతుంది. ఇంజినుకూ బాడీకీ ఉన్న ఎర్తు పట్టీ తెగితే లైట్లు మసకబారతాయి, స్టార్టరు నీరసిస్తుంది. కొత్త పొడవు పట్టీ ఖర్చు తక్కువే, వేయించుకోండి.

బంపర్లు ఛాసిస్‌కే ఉండిపోతాయి కాబట్టి గ్రిల్లు కింద రెండంగుళాల సందు కనిపిస్తుంది. చూడ్డానికి బాగోలేదని బంపరును కూడా పైకి జరిపితే ఎదుటి మోటారుసైకిలు, చిన్న కారు మీద దెబ్బ పడే చోటు మారిపోతుంది. సందును రబ్బరు పట్టీతో మూసుకోవడం మేలు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో సెక్షన్ 182ఏ (4) ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇది కేంద్ర చట్టం. ఓడీ 10 నంబరు బండి కొరాపుట్‌లో ఉన్నా, సుంకి దాటి ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరులో అడుగుపెట్టినా ఒకటే. రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగకుండా, బీమా సంస్థకు తెలపకుండా చేయించుకుంటే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ దగ్గర తగాదా తప్పదు. "అందరూ వేయిస్తున్నారు కదా" అని షెడ్డు యజమాని చెప్పే ధైర్యం అక్కడ పనికిరాదు.

మరి రాళ్ల దారికి ఏం చేయాలి? కుంగిపోయిన వెనక కమాన్‌లను (పట్టీల స్ప్రింగులను) విప్పించి, అలిసిన పట్టీలు మార్పిస్తే పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. పాత బళ్లలో ఎక్కువమంది వెతుకుతున్నది ఆ ఎత్తే. కమాన్ పనికి మనకు దూరం పోనక్కర్లేదు, లారీలకు పేరుపడ్డ సాలూరు పక్కనే ఉంది. కంపెనీ కొలతలోనే, తగినంత లోడు మోసే ఆల్ టెర్రైన్ టైర్లు వేయించుకోండి. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్ కింద నాలుగు మి.మీ. ఉక్కు రేకు కవచం పెట్టించుకోండి. ఆయిల్ తీసే బోల్టుకు ఎదురుగా రంధ్రం ఉండేలా చూసుకోండి. వేడి మీదున్న హౌసింగ్ చల్లటి గెడ్డ నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల గుండా నీళ్లు పీల్చుకుంటుంది, ఆయిల్ పాలలాగా తెల్లబడుతుంది. హౌసింగ్ గాలి రంధ్రమైన బ్రీదర్‌కు గొట్టం తగిలించి వెనక లైటు ఎత్తుకు తీసుకెళ్తే ఆ బాధ పోతుంది. ఖాళీ బండి బురదలో దిగబడుతుంటే టైరు గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గించి, తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోండి. ఇవన్నీ కలిపినా బాడీ లిఫ్ట్, పెద్ద టైర్ల ఖర్చులో కొంత భాగమే అవుతుంది, రాళ్ల మీద ఫలితం మాత్రం ఎక్కువ.

షెడ్లు నడిపే తోటివారికి మా విన్నపం. లిఫ్ట్ వేస్తే దిమ్మ ఎత్తు, దిమ్మ దేనితో చేసిందో, బోల్టు గ్రేడు, స్టీరింగ్ షాఫ్ట్ ఎన్ని మి.మీ. సాగిందో బిల్లు మీద రాసి ఇవ్వండి. తీసిన పాత బోల్టులు సంచిలో కట్టి యజమానికి అప్పగించండి. ప్రతి నట్టు మీదా పక్క రేకు మీదికి సాగేలా పెయింటు గీత గీయండి. గీత రెండుగా విడిపోతే నట్టు తిరిగిందని యజమానికే కనిపిస్తుంది. 100 కి.మీ. తర్వాత ఒకసారి, 500 కి.మీ. తర్వాత ఒకసారి, ఆపైన ప్రతి వానాకాలం ముగిశాక బిగువు చూడాలి.

ఇప్పటికే వేయించుకున్నవారు ఈ వారమే కిందికి దూరి చూడండి. దిమ్మ చెక్కో టైరు ముక్కో అయితే తీయించి పాత బుష్‌ల మీదికి బాడీని దించండి. బానెట్ తెరిచి, ఇంజిను ఆపి ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ కదుపుతుంటే ఇంకొకరు షాఫ్ట్ కలిసే చోటు చూడండి. అక్కడ గ్రీజు లేని మెరిసే పళ్లు కొత్తగా బయటికి కనిపించినా, కీచుమని చప్పుడు వచ్చినా, చక్రం కదిలి షాఫ్ట్ కింది భాగం ఆలస్యంగా కదిలినా ఆ బండిని ఘాటీ దించకండి. ఉన్నచోటే చక్రాలకు రాళ్లు పెట్టి నిలిపి, మెకానిక్‌ను అక్కడికే పిలిపించండి.

ఇట్లు,
జీపులు, పికప్‌లు బాగుచేసే పనివారం,
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా